ఆరోగ్య పరిశోధనలో ఇంటర్వ్యూల విశ్లేషణ: ఏ పద్ధతిని ఎప్పుడు ఎంచుకోవాలి

ఎంపీహెచ్, ఎండీ కమ్యూనిటీ మెడిసిన్, ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థులు సమర్పించే పరిశోధనా ప్రతిపాదనల్లో విశ్లేషణ గురించి తరచుగా ఒకే వాక్యం కనిపిస్తుంది: ‘ఇంటర్వ్యూలను రికార్డు చేసి, ట్రాన్‌స్క్రిప్టులు రాసి, ఎన్‌వివో సాయంతో థీమాటిక్ అనాలిసిస్ చేస్తాము.’ ఈ వాక్యంలో తప్పేమీ లేదు గానీ, తెలియవలసిన సంగతి కూడా ఏమీ లేదు. ఎన్‌వివో సాఫ్ట్‌వేరే తప్ప పద్ధతి కాదు. థీమాటిక్ అనాలిసిస్ అనే పేరు కింద ఒకదానితో ఒకటి పొసగని పనులు కనీసం మూడు జరుగుతున్నాయి. ఎంతమందిని కలవాలి, ఇంటర్వ్యూలన్నీ ముగిశాక విశ్లేషణ మొదలుపెట్టవచ్చా లేక మొదటి ఇంటర్వ్యూ నుంచే మొదలుపెట్టాలా, కోడింగ్ (మాటల్లోని ఒక్కో భాగానికి దాని అర్థాన్ని సూచించే చిన్న పేరు పెట్టడం) ఒక్కరే చేయవచ్చా, చివరికి చేతికి వచ్చేది పట్టికా, కథనమా, సిద్ధాంతమా అన్నవన్నీ పద్ధతిని బట్టే మారతాయి. కాబట్టి ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టకముందే ఈ నిర్ణయం జరిగిపోవాలి.

ఆరోగ్య పరిశోధనలో ఎక్కువగా వాడుకలో ఉన్నవి ఐదు: కంటెంట్ అనాలిసిస్, థీమాటిక్ అనాలిసిస్, ఫ్రేమ్‌వర్క్ పద్ధతి, గ్రౌండెడ్ థియరీ, ఐపీఏగా పిలిచే ఇంటర్‌ప్రెటేటివ్ ఫినామినలాజికల్ అనాలిసిస్. వీటిని నిర్వచనాలతో పోల్చడం కంటే ఒకే ఇంటర్వ్యూ భాగాన్ని ఐదింటి చేతా చదివించి చూస్తే తేడా త్వరగా తెలుస్తుంది.

పోలిక కోసం ఒక భాగం

క్షయ చికిత్సను మధ్యలో మానేసిన వారిపై అధ్యయనం అనుకుందాం. మందులకు లొంగే క్షయకు మన దేశంలో ఆరు నెలల పాటు రోజూ మందులు వాడాలి. తొలి రెండు నెలలు నాలుగు రకాలు, మిగిలిన నాలుగు నెలలు మూడు రకాలు. చాలామందికి మొదటి నెలల్లోనే దగ్గు, జ్వరం తగ్గిపోతాయి, మందులు ఆపేయాలన్న ఆలోచన అప్పుడే మొదలవుతుంది. నిజామాబాద్ ప్రాంతంలో బీడీలు చుట్టే ఒక మహిళ ఇలా చెప్పిందనుకుందాం. ఇది వివరణ కోసం కల్పించినదే, ఏ రోగి మాటలూ కావు.

‘మొదటి నెల మంచిగనే ఏసుకున్న. మూత్రం ఎర్రగ అస్తాంటే భయమైంది గాని, అది మందు రంగే అని ఆశమ్మ చెప్పింది. రెండు నెలలయినంక దగ్గు పోయింది, ఆకలి అయితాంది. ఇగ మంచిగైన గదా అనుకున్న. మాత్రలు ఏసుకుంటే కడుపుల తిప్పుతది, ఆ రోజు బీడీలు చెయ్యబుద్ధి గాదు. మా అత్తకు టీబీ అని చెప్పలే, నిమ్ము అని చెప్పినం. ఆశమ్మ ఇంటికి అస్తే అత్త అడుగుతదని, నేనే పోయి మందులు తెచ్చుకుంటున్న అని ఆమెకు చెప్పిన.’

కంటెంట్ అనాలిసిస్

ఈ భాగంలో మానేయడానికి దారితీసిన కారణాలను ఈ పద్ధతి వేరు చేసి వర్గాల్లో వేస్తుంది: మందుల దుష్ప్రభావం, లక్షణాలు తగ్గడం, పని నష్టం, ఇంట్లో దాచడం. తర్వాత మిగతా ఇంటర్వ్యూల్లో ఏ వర్గం ఎంత తరచుగా, ఎవరి మాటల్లో వచ్చిందో చూస్తుంది. 2005లో షే, షానన్ ఇందులో మూడు దారులను గుర్తించారు: వర్గాలను డేటా నుంచే తయారు చేసుకునేది, ముందే ఉన్న సిద్ధాంతం నుంచి తెచ్చుకునేది, పదాల లెక్కతో మొదలుపెట్టి వాటి వాడుకను వివరించేది. ప్రశ్న ‘ఏమేమి కారణాలు ఉన్నాయి’ అన్నంత వరకే అయితే, లేదా ప్రశ్నావళి చివరన వదిలిన ఖాళీలో వందల మంది రాసిన రెండేసి వాక్యాలను విశ్లేషించాలంటే ఇదే సరైనది. గంటసేపు సాగిన లోతైన ఇంటర్వ్యూలకు మాత్రం ఇది చాలదు. పైగా ఇరవై మందిలో పన్నెండు మంది చెప్పారని శాతాలు రాసే అలవాటు దీనితోనే వస్తుంది. ఆ ఇరవై మందిని యాదృచ్ఛికంగా ఎంపిక చేయలేదు కాబట్టి ఆ శాతానికి జనాభా స్థాయిలో అర్థం ఉండదు.

థీమాటిక్ అనాలిసిస్

వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ 2006లో ప్రచురించిన వ్యాసంతో ఈ పద్ధతికి ఆరు దశల రూపం స్థిరపడింది: డేటాతో పరిచయం, కోడింగ్, థీమ్‌ల అన్వేషణ, వాటి సమీక్ష, వాటికి పేర్లూ హద్దులూ నిర్ణయించడం, రాయడం. దీని బలం సరళత్వమే, బలహీనత కూడా అదే. ఆరు దశలూ పాటించామని రాసి, ఇంటర్వ్యూ గైడ్‌లోని ప్రశ్నల శీర్షికలనే మళ్లీ థీమ్‌లుగా చూపించే థీసిస్‌లు లెక్కలేనన్ని. ‘దుష్ప్రభావాలు’, ‘కుటుంబ మద్దతు’, ‘ఆశ కార్యకర్తల పాత్ర’ అన్నవి థీమ్‌లు కావు. అవి విషయాల పేర్లు మాత్రమే. ఇంటర్వ్యూలు చేయకముందే వాటిని రాసిపెట్టవచ్చు.

పై భాగంలో థీమ్ ఎలా ఉంటుందో చూద్దాం. ఆ మహిళకు ఆశ కార్యకర్త ఇంటికి రావడమే ప్రమాదంగా కనిపిస్తోంది, ఎందుకంటే ఆమె గడప దాటి వస్తే దాచిన జబ్బు బయటపడుతుంది. అంటే చికిత్స సక్రమంగా సాగడం కోసం పెట్టిన ఏర్పాటే ఇక్కడ చికిత్స నుంచి తప్పించుకోవడానికి కారణమవుతోంది. ‘జబ్బును దాచాలంటే చికిత్సను కూడా దాచాలి’ అన్నది ఒక థీమ్ కాగలదు, ఎందుకంటే అది దుష్ప్రభావాన్ని, కుటుంబాన్ని, ఆరోగ్య వ్యవస్థను ఒకే అర్థంతో కలుపుతుంది, ఇంటర్వ్యూలు వినకుండా ఎవరూ దాన్ని ఊహించి రాయలేరు. ఇలాంటివి మూడు నాలుగు దొరికితే ఒక అధ్యయనానికి చాలు. పదిహేను థీమ్‌లు ఉన్నాయంటే విశ్లేషణ ఇంకా కోడింగ్ దశలోనే ఆగిపోయిందని అర్థం.

పైన చెప్పిన మూడు రకాల సంగతి ఇక్కడ తేలాలి. మొదటి రకంలో ఇద్దరు వేర్వేరుగా కోడింగ్ చేసి, ఎంతవరకు ఏకీభవించారో కోహెన్ కప్పాతో కొలుస్తారు. రెండవదానిలో కోడ్‌బుక్, అంటే కోడ్‌ల పేర్లూ వాటి అర్థాలూ ఉన్న జాబితా, ముందుగానే చాలావరకు తయారై ఉంటుంది, పని సాగేకొద్దీ కొంత మారుతుంది. ఫ్రేమ్‌వర్క్ పద్ధతి ఈ కుటుంబానికే చెందుతుంది. మూడవది బ్రౌన్, క్లార్క్ స్వయంగా సమర్థించేది, 2019 నుంచి రిఫ్లెక్సివ్ అన్న విశేషణంతో వారు వేరు చేసి చూపుతున్నది. ఇందులో పరిశోధకుడి దృష్టికోణం విశ్లేషణకు పరికరం, తొలగించవలసిన లోపం కాదు. కాబట్టి కోడర్ల మధ్య ఏకీభావాన్ని కొలవడానికి ఇక్కడ తావు లేదు. 2006 వ్యాసాన్ని ఆధారంగా చూపి, తర్వాతి పేరాలో కప్పా 0.82 అని రాస్తే, ఆ రెండు పేరాలూ ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయి. దీన్ని పట్టుకునే పరీక్షకులు, సమీక్షకులు ఈమధ్య ఎక్కువయ్యారు. మీ థీసిస్ గైడ్ కప్పా తప్పనిసరి అంటే మొదటి రకాన్ని ఎంచుకుని ఆ మాటే రాయడం మేలు. అది చిన్నతనమేమీ కాదు.

ఫ్రేమ్‌వర్క్ పద్ధతి

లండన్‌లోని సామాజిక పరిశోధనా సంస్థలో జేన్ రిచీ, లిజ్ స్పెన్సర్ 1980లలో ప్రభుత్వ విధానాలకు సంబంధించిన అధ్యయనాల కోసం దీన్ని రూపొందించారు. పుట్టుకలోనే దీని స్వభావం ఉంది: నిర్ణీత గడువు, నిర్ణీత ప్రశ్నలు, ఒకరికంటే ఎక్కువ మంది విశ్లేషకులు, ఫలితం కోసం ఎదురుచూసే అధికారి. దీని గుండెకాయ ఒక పట్టిక. ఒక్కో రోగికి ఒక అడ్డు వరుస, ఒక్కో అంశానికి ఒక నిలువు వరుస ఉంటాయి, ఒక్కో గడిలో ఆ రోగి ఆ అంశంపై చెప్పినదాని సారాంశం, ట్రాన్‌స్క్రిప్ట్ పేజీ సంఖ్యతో సహా ఉంటుంది.

మన ఉదాహరణలో ఆ మహిళ వరుసలో ‘లక్షణాలు తగ్గాక ఆలోచన’ అన్న గడిలో ‘రెండు నెలలకు దగ్గు పోయింది, నయమైందనుకుంది’ అని, ‘ఇంట్లో వెల్లడి’ గడిలో ‘అత్తకు నిమ్ము అని చెప్పారు’ అని, ‘ఆశ కార్యకర్త’ గడిలో ‘మూత్రం రంగు విషయంలో నమ్మింది, ఇంటికి రావడం మాత్రం ఇష్టం లేదు’ అని రాస్తాము. క్షయ రోగుల పోషకాహారానికి 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు ఖాతాలో వేస్తున్నారు కదా. ఆ డబ్బు సమయానికి అందిందా అన్న కాలమ్‌ను ఆమె ప్రస్తావించకపోయినా ఉంచాలి, ఎందుకంటే జిల్లా క్షయ నియంత్రణాధికారి అడిగే మొదటి ప్రశ్న అదే. ఆమె వరుసలో ఆ గడి ఖాళీగా ఉండటం కూడా సమాచారమే: ఆమె చెప్పలేదా, మనం అడగలేదా అన్నది వెంటనే తెలిసిపోతుంది. ఇక నిలువుగా చదివితే ఒకే అంశంపై అందరి మాటలు, అడ్డంగా చదివితే ఒకే మనిషి కథ మొత్తం కనబడుతుంది. అత్తవారింట్లో ఉన్న స్త్రీలను ఒక చోట, వేరు కాపురం ఉన్నవారిని ఒక చోట, వలస కూలీలను ఒక చోట పేర్చి పోల్చడం ఎక్సెల్‌లో అర నిమిషం పని.

వైద్యులు, నర్సులు, సామాజిక శాస్త్రవేత్తలు కలిసి పనిచేసే బృందాలకు, ఇంటర్వ్యూలు ఇరవై ముప్పై దాటినప్పుడు, చివరికి ఆరోగ్య శాఖకు నివేదిక ఇవ్వవలసి వచ్చినప్పుడు, నా దృష్టిలో దీనికి సాటి రాగలది లేదు. మాట్లాడిన వాక్యం నుంచి నివేదికలోని సిఫారసు వరకు దారి మొత్తం పట్టికలో కనిపిస్తుంది, కాబట్టి ‘ఇది ఎక్కడ నుంచి తెచ్చారు’ అని ఎవరైనా అడిగితే వేలు పెట్టి చూపించవచ్చు. అయితే గడులు నింపడం చాలా సమయం తినే పని. నింపి అలసిపోయి, పట్టికనే ఫలితంగా సమర్పించే ప్రమాదం ఉంది. గడుల నుంచి వివరణకు వెళ్లే చివరి దశకే అసలు బుర్ర కావాలి, గడువు దగ్గరపడగానే ముందుగా కోతపడేది కూడా దానికే. ఒకే తరహా ప్రశ్నలు అందరినీ అడగని ఇంటర్వ్యూలకు ఈ పట్టిక నప్పదు, సగం గడులు ఖాళీగా మిగులుతాయి.

గడువు నెలల్లో కాక వారాల్లో ఉంటే దీని చెల్లెలి వంటి మరో మార్గం ఉంది. ఇంటర్వ్యూ అయిన రోజే, ముందే సిద్ధం చేసిన ఒకటి రెండు పేజీల నమూనాలో సారాంశం రాసి, ఆ సారాంశాలనే పట్టికలోకి ఎక్కించే పద్ధతిని రాపిడ్ అనాలిసిస్ అంటారు. ఒక కార్యక్రమం అమలు ఎలా ఉందో త్వరగా తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది, పీహెచ్‌డీకి పనికిరాదు.

గ్రౌండెడ్ థియరీ

దీని చరిత్ర ఆసుపత్రిలోనే మొదలైంది. బార్నీ గ్లేజర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ 1960లలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని ఆసుపత్రుల్లో మరణానికి చేరువైన రోగులను, వారి చుట్టూ ఉన్న సిబ్బందిని గమనించారు. తాను చనిపోబోతున్నట్లు రోగికి తెలియకపోవడం, అనుమానం ఉండటం, ఇద్దరికీ తెలిసినా తెలియనట్లు నటించడం, బాహాటంగా ఒప్పుకోవడం అనే నాలుగు స్థితులను గుర్తించి, ఒక స్థితి నుంచి మరొకదానికి ఎలా మారతారో వివరించారు. గ్రౌండెడ్ థియరీ ఫలితం ఎలా ఉండాలో ఈ ఉదాహరణ చూపిస్తుంది: అంశాల జాబితా ఉండటం చాలదు, ఒక ప్రక్రియ ఎలా నడుస్తుందో చెప్పే సిద్ధాంతం రావాలి. పద్ధతి గ్రంథం 1967లో వచ్చింది. తర్వాత ఇద్దరి దారులూ వేరయ్యాయి, క్యాథీ చార్మజ్ మూడో దారి వేశారు. ఏ శాఖను అనుసరిస్తున్నారో చెప్పకుండా గ్రౌండెడ్ థియరీ అని మాత్రమే రాస్తే పరీక్షకుడి మొదటి ప్రశ్న అదే అవుతుంది.

మన భాగాన్ని చదివిన గ్రౌండెడ్ థియరీ పరిశోధకుడు రహస్యం కాపాడుకోవడం ఒక ప్రక్రియ అని గమనించి, దాన్ని పరీక్షించడానికి తదుపరి ఇంటర్వ్యూ ఎవరితో చేయాలో ఆ రాత్రే నిర్ణయిస్తాడు: ఇంట్లో అందరికీ చెప్పిన మరో స్త్రీతోనా, ఆశ కార్యకర్తతోనా, దాచిపెట్టి కూడా కోర్సు పూర్తి చేసిన వ్యక్తితోనా? విశ్లేషణే తర్వాతి వ్యక్తిని ఎంపిక చేస్తుంది. ఇదే ఈ పద్ధతికి ప్రాణం, ఇదే దీన్ని విద్యార్థులకు కష్టతరం చేసేది కూడా. ఎవరెవరిని కలుస్తారో ముందే రాసి ఎథిక్స్ కమిటీ అనుమతి పొంది, ఇరవై ఇంటర్వ్యూలు వారం రోజుల్లో ముగించి, ఆపై కోడింగ్‌కు కూర్చుంటే, దానికి గ్రౌండెడ్ థియరీ అన్న పేరు చెల్లదు. ఏడాది పైగా సమయం, మళ్లీ మళ్లీ క్షేత్రానికి వెళ్లే వీలు, సరళంగా రాసుకున్న అనుమతి ఉన్నప్పుడే దీని జోలికి వెళ్లాలి.

ఐపీఏ

జొనాథన్ స్మిత్ 1996లో ఆరోగ్య మనస్తత్వశాస్త్రంలోకి తెచ్చిన ఈ పద్ధతి, ఒక జబ్బుతో బతకడం ఆ మనిషికి ఎలా ఉంటుందన్న ప్రశ్నకు మాత్రమే జవాబు వెతుకుతుంది. విద్యార్థుల ప్రాజెక్టుకు ముగ్గురి నుంచి ఆరుగురి వరకు చాలు, కానీ ఒక్కొక్కరి ట్రాన్‌స్క్రిప్టును విడిగా, పూర్తిగా, వాక్యం వెంట వాక్యంగా చదివిన తర్వాతే రెండో వ్యక్తి దగ్గరికి వెళ్లాలి. మన భాగంలో ఐపీఏ ఆగే చోటు ఇది: అత్త విషయంలో ఆమె ‘చెప్పినం’ అంది, ఆశమ్మ విషయంలో ‘చెప్పిన’ అంది. అత్త దగ్గర జబ్బును దాచడంలో ఆమెకు ఎవరో తోడున్నారు, బహుశా భర్త. ఆశమ్మ దగ్గర మాత్రం ఆమె ఒంటరి. పైన చెప్పిన నాలుగు పద్ధతులూ సాధారణంగా ఈ తేడా దగ్గర ఆగకుండా ముందుకు వెళ్లిపోతాయి. అందుకే ఐపీఏ చేసేవారు తెలుగు ట్రాన్‌స్క్రిప్టు మీదే, మాండలికాన్ని దిద్దకుండా కోడింగ్ చేయాలి. అనువాదం ప్రచురణకు ఎంచుకున్న ఉల్లేఖనాలకు చాలు. ఫ్రేమ్‌వర్క్ బృందంలో తెలుగు రాని సభ్యుడు ఉంటే ఇంగ్లీషు అనువాదంతో పనిచేయడం ఆమోదయోగ్యమే, కంటెంట్ అనాలిసిస్‌లోనూ అంతే.

వేర్వేరు నేపథ్యాల వారు ముప్పై మంది ఉన్న అధ్యయనానికి ఐపీఏ పేరు పెట్టడం తగదు. విధాన సిఫారసులు కోరే ప్రాజెక్టుకు కూడా ఇది ఒప్పదు.

కథన విశ్లేషణ, డిస్కోర్స్ అనాలిసిస్ అనే మరో రెండు ఉన్నాయి. రోగి తన జీవితాన్ని ఏ క్రమంలో కథగా అల్లుతున్నాడన్నది మొదటిదానికి, మాటల ద్వారా వైద్యుడూ రోగీ ఏం సాధిస్తున్నారన్నది రెండవదానికి విషయం. వాటిని నేర్పగల గైడ్ దగ్గర ఉంటే తప్ప పుస్తకం చూసి మొదలుపెట్టవద్దని నా సలహా.

సంఖ్య, సమయం, పరికరాలు

‘పన్నెండు ఇంటర్వ్యూలకు శాచురేషన్ వస్తుంది’, అంటే కొత్త సంగతులు రావడం ఆగిపోతుంది, అన్న మాటకు మూలం గ్రెగ్ గెస్ట్, ఆయన సహచరులు 2006లో ప్రచురించిన అధ్యయనం. ఘనా, నైజీరియాలలో 60 మంది స్త్రీల ఇంటర్వ్యూలను పరిశీలిస్తే, కోడ్‌లలో చాలావరకు మొదటి పన్నెండింటిలోనే వచ్చేశాయని వారు చూపారు. వారి బృందాలు ఒకే తరహావి, ప్రశ్నలు అందరికీ దాదాపు ఒకటే. స్త్రీలు, పురుషులు, వలస కూలీలు, ఆశ కార్యకర్తలు కలగలిసిన అధ్యయనానికి ఆ సంఖ్యను అరువు తెచ్చుకోకూడదు; కోడ్‌బుక్ లేదా ఫ్రేమ్‌వర్క్ అధ్యయనంలో ఒక్కో బృందానికి విడిగా లెక్క వేసుకోవాలి. రిఫ్లెక్సివ్ థీమాటిక్ అనాలిసిస్‌కు శాచురేషన్ అన్న భావనే సరిపడదని బ్రౌన్, క్లార్క్ 2021లో వాదించారు.

గంట రికార్డింగును అక్షరాల్లో పెట్టడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పట్టడం మామూలే, మాండలికం, పక్కన టీవీ, మధ్యలో మాట కలిపే బంధువులు ఉంటే ఇంకా ఎక్కువ. మాటలను అక్షరాలుగా మార్చే ఆన్‌లైన్ సేవలను వాడాలనుకుంటే, రోగి గొంతు బయటి సర్వర్‌కు వెళుతుందన్న సంగతి సమ్మతి పత్రంలో ఉండాలి. సాఫ్ట్‌వేర్ విషయంలో ఎక్కువ మథనపడనక్కర్లేదు. ఎన్‌వివో, అట్లాస్ టీఐ, మ్యాక్స్‌క్యూడీఏ డబ్బు పెట్టి కొనవలసినవి. టాగెట్, క్వాల్‌కోడర్ ఉచితం. పది ఇంటర్వ్యూల లోపు అయితే కాగితం, రంగు పెన్నులు కూడా పని కానిస్తాయి.

ఎంపిక

ప్రశ్నను ఒక వాక్యంలో రాసుకుని, దాని జవాబును ఎవరు చదువుతారో పక్కన రాసుకోండి. చదివేది జిల్లా అధికారి, ప్రశ్న ‘ఎక్కడ లోపం, ఎవరి విషయంలో’ అయితే ఫ్రేమ్‌వర్క్. చదివేది పరీక్షకులు, పరిశోధకుడు ఒక్కరే, ఇంటర్వ్యూలు పది నుంచి ఇరవై, గడువు ఏడాది లోపు అయితే రిఫ్లెక్సివ్ లేదా కోడ్‌బుక్ థీమాటిక్ అనాలిసిస్. ఎండీ థీసిస్‌లలో ఎక్కువ భాగం ఇక్కడికే వస్తాయి. ‘ఎలా మారుతుంది’ అన్న ప్రశ్న, క్షేత్రానికి తిరిగి వెళ్లే స్వేచ్ఛ రెండూ ఉంటేనే గ్రౌండెడ్ థియరీ. కొద్దిమంది, ఒకే తరహా అనుభవం, భాషపై శ్రద్ధ ఉంటే ఐపీఏ. పొట్టి జవాబులు వందల్లో ఉంటే కంటెంట్ అనాలిసిస్. రెండు పద్ధతులను కలిపి ‘మిశ్రమ విశ్లేషణ’ అని రాయడం నాకు నచ్చదు. చాలాసార్లు అది ఒక్కదాన్నీ ఎంచుకోలేదని చెప్పే మర్యాదైన మార్గమే.

ఇంటర్వ్యూ అధ్యయనాన్ని రాసేటప్పుడు ఏమేమి చెప్పాలో సూచించే, 2007లో వచ్చిన కోరెక్ అనే 32 అంశాల చెక్‌లిస్టును చాలా జర్నళ్లు అడుగుతాయి. అందులో ఎంతమంది కోడింగ్ చేశారు, థీమ్‌లు ముందే ఉన్నాయా లేక డేటా నుంచి వచ్చాయా, శాచురేషన్ చర్చించారా వంటి ప్రశ్నలు ఉంటాయి. రిఫ్లెక్సివ్ పద్ధతి వాడినవారు కొన్ని గడుల్లో ‘వర్తించదు’ అని, ఎందుకో ఒక వాక్యంతో రాస్తే సరిపోతుంది. జర్నల్ కోసం లేని శాచురేషన్‌ను తెచ్చిపెట్టుకోనవసరం లేదు.

ఇంటర్వ్యూలు అప్పటికే పూర్తయిపోయి, పద్ధతి ఇంకా తేలనివారికి రెండు దారులు మూసుకుపోయినట్లే. గ్రౌండెడ్ థియరీకి వీలు లేదు, ఎందుకంటే తదుపరి వ్యక్తిని విశ్లేషణ ఎంచుకోలేదు. ఐపీఏ కూడా సాధ్యం కాకపోవచ్చు, ఎందుకంటే ఇరవై ప్రశ్నల గైడ్‌తో తీసుకున్న పొడి జవాబుల్లో అనుభవపు లోతు ఉండదు. అలాంటివారు అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి ఉంటే ఫ్రేమ్‌వర్క్‌ను, సంభాషణ స్వేచ్ఛగా సాగి ఉంటే థీమాటిక్ అనాలిసిస్‌ను ఎంచుకుని, ఆ నిర్ణయం ఇంటర్వ్యూల తర్వాత జరిగిందని పద్ధతుల విభాగంలో రాయాలి. కొందరిని మళ్లీ కలవాలనిపిస్తే ఎథిక్స్ కమిటీకి సవరణ దరఖాస్తు పెట్టి, అనుమతి వచ్చాకే ఫోన్ చేయాలి.